ఇది ఎలా నిలబడింది?

నా టేబుల్ ల్యాంప్ తల వాల్చేయడం మొదలుపెట్టింది. ఒక్కసారిగా ఏమీ జరగలేదు. కొన్న కొత్తలో ఎక్కడ ఆపితే అక్కడ ఆగేది. ఆరేడు నెలలు గడిచాక, రాత్రిపూట పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్న పది నిమిషాలకి వెలుతురు నేను చదువుతున్న లైను దాటి కిందికి పోయేది, చేత్తో పైకి ఎత్తి పెడితే ఇంకో పది నిమిషాలు ఆగేది, మళ్ళీ అంతే. కీలు దగ్గరున్న స్క్రూ బిగిస్తే రెండు రోజులు మాట వినేది. బాగా బిగిస్తే అసలు కదిలేది కాదు, కదిలించాలని కాస్త బలం పెడితే ల్యాంప్ మొత్తం టేబుల్ మీద జరిగేది. చివరికి ఒక ఆదివారం దాన్ని విప్పేశాను.

లోపల రెండు ఇనుప రేకులు, వాటి మధ్య చొక్కా గుండీ అంత ప్లాస్టిక్ వాషర్, రెంటినీ నొక్కిపెట్టే ఒక స్క్రూ. అంతే. వాషర్‌కి ఒక పక్క గరుకు పూర్తిగా అరిగిపోయి నున్నగా మెరుస్తోంది, ఇంకో పక్క స్క్రూ ఒత్తిడికి గుండ్రంగా గాడి పడింది. వేలితో తడిమితే తేడా స్పష్టంగా తెలుస్తోంది. అర మీటరు పొడవున్న చేయి, దాని చివర రేకు తల, అందులో బల్బు, ఇంత బరువుని గాల్లో ఆపే పనంతా ఆ గుండీ మీద పెట్టేసి, పైన మాత్రం చక్కటి నలుపు రంగు వేసి అమ్మేశారు. నాకు నిజంగానే కోపం వచ్చింది. ఫైబర్ వాషర్ ఒకటి వేసి, దాని పక్కన స్ప్రింగు వాషర్ కూడా పెట్టి బిగించాను, ప్రస్తుతానికి ఆగుతోంది, కానీ కోపం అంత తేలిగ్గా ఆగలేదు.

ఆ రోజు నుంచి కొత్త కుర్చీ కనిపించినా, కొత్త దీపం కనిపించినా, ఫొటోలో అయినా ఎదురుగా అయినా నా మనసులోకి ముందుగా వచ్చే ప్రశ్న ఒకటే: ఇది ఎలా నిలబడింది? బరువు ఎక్కడ మొదలై ఎక్కడికి చేరుతోంది, మధ్యలో దాన్ని ఎవరు మోస్తున్నారు? కొత్తగా ఆలోచించి చేసిన వస్తువునీ, కొత్తగా కనిపించడానికి మాత్రమే చేసిన వస్తువునీ విడదీసి చూపించే ప్రశ్న నాకు ఇంతకంటే మంచిది దొరకలేదు. కొన్ని వస్తువుల్ని ఈ ప్రశ్న అడిగితే జవాబు చూసి ఒళ్ళు పులకరిస్తుంది. కొన్ని అసలు జవాబే చెప్పవు.

నా ల్యాంప్‌కి రావాల్సిన జవాబు 90 ఏళ్ళ కిందటే దొరికింది. జార్జ్ కార్వర్డీన్ ఇంగ్లండ్‌లో కార్ల సస్పెన్షన్ మీద పనిచేసిన ఇంజనీరు, దీపాలతో ఆయనకి సంబంధమే లేదు. ఒక బరువుని పైకీ కిందికీ ముందుకీ వెనక్కీ ఎటు కావాలంటే అటు తేలిగ్గా కదిలించాలి, వదిలేస్తే ఉన్నచోటే ఉండిపోవాలి, స్ప్రింగులతో అలాంటి ఏర్పాటు కుదురుతుందా అని చూశాడు, కుదిరింది, 1932లో పేటెంట్ తీసుకున్నాడు. దానికి సరైన పని దీపం పట్టుకోవడం అని ఆయనకే తోచింది. రెడ్డిచ్‌లో స్ప్రింగులు తయారుచేసే హెర్బర్ట్ టెర్రీ అండ్ సన్స్ కంపెనీ దాన్ని చేసి అమ్మింది, 1935లో వచ్చిన మూడు స్ప్రింగుల 1227 మోడల్ ఇళ్ళలోకి చేరింది. ఆ దీపం పేరు యాంగిల్‌పాయిజ్, ఆ పేరు వింటే ఇప్పటికీ మన కళ్ళ ముందు నిలిచేది ఆ ఆకారమే.

ఇందులో ఉన్న కిటుకు ఏమిటో మీ చేత్తోనే చూడొచ్చు. నీళ్ళు నింపిన సీసా పట్టుకుని చేయి కిందికి వదిలేయండి, భుజానికి పెద్దగా ఏమీ తెలియదు. అదే చేతిని పక్కకి అడ్డంగా చాపి ఉంచండి, నిమిషం తిరక్కుండానే భుజం లాగేస్తుంది. సీసా అదే, బరువు అదే, చేయి వంపు మారింది కాబట్టి భుజం మీద పడే భారం మారింది. ల్యాంప్ చేతికి కూడా ఇదే తంతు. స్క్రూ బిగింపు పట్టు ఎప్పుడూ ఒకటే ఉంటుంది కదా, అందుకని చేయి నిలువుగా ఉన్నప్పుడు అది అవసరానికి మించిన బిగువు, అడ్డంగా చాపినప్పుడు చాలీచాలని పట్టు. స్ప్రింగు తీరు వేరు. చేయి వాలిన కొద్దీ స్ప్రింగు సాగుతుంది, సాగిన కొద్దీ ఇంకా బలంగా లాగుతుంది, అది లాగే కోణం కూడా వంపుతో పాటే మారుతూ ఉంటుంది. స్ప్రింగు ఎంత గట్టిది ఉండాలి, దాని కొక్కెం ఎక్కడ తగిలించాలి అన్నది సరిగ్గా లెక్క వేస్తే ఈ రెండు మార్పులూ కలిసి, భారం పెరిగినప్పుడు అంతే పెరుగుతాయి, తగ్గినప్పుడు అంతే తగ్గుతాయి. ప్రతి వంపులోనూ తూకం సరిపోతుంది. అందుకే మంచి స్ప్రింగు ల్యాంప్‌ని రెండు వేళ్ళతో కదిలిస్తే ఎదురు తిరగదు, వదిలేస్తే వాలదు. ఒకసారి అలాంటిది చేత్తో కదిపి చూసినవాళ్ళకి స్క్రూ బిగింపు ల్యాంప్ మళ్ళీ నచ్చదు.

ఇదే సమస్యకి స్ప్రింగు లేకుండా కూడా జవాబు ఉంది. రిచర్డ్ సాపర్ 1972లో ఆర్తెమిదే కంపెనీకి చేసిన టిజియో ల్యాంప్‌లో సన్నటి చేతుల అవతలి కొసల్లో ఎదురు బరువులు ఉంటాయి, త్రాసులో రాళ్ళ మాదిరి. అంతకంటే నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. దాని చేతుల మీద వైరు కనిపించదు, ఎందుకంటే అసలు వైరే లేదు. కింద దిమ్మలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి కరెంటుని 12 వోల్టులకి తగ్గించేసి, ఆ కరెంటుని లోహపు చేతుల గుండానే బల్బు దాకా పంపించాడు. వోల్టేజి తక్కువ కాబట్టి ముట్టుకున్నా ప్రమాదం లేదు. ట్రాన్స్‌ఫార్మర్ బరువు ఎలాగూ తప్పదు కాబట్టి దాన్ని కిందే ఉంచితే ల్యాంప్ పడిపోకుండా ఆపే బరువూ అదే అవుతుంది. ఒక్కో భాగం రెండేసి పనులు చేస్తోంది చూడండి. చేయి మోస్తుంది, కరెంటునీ తీసుకెళ్తుంది. దిమ్మ కరెంటుని తగ్గిస్తుంది, ల్యాంప్‌ని పట్టి ఉంచుతుంది. ఇలా ఒక భాగం తీసేస్తే రెండు పనులు ఆగిపోయేలా ఉంటే ఆ డిజైన్‌లో వృథా ఏమీ లేదని అర్థం.

అకీలే, పియెర్ జాకొమో కాస్తిల్యోని అన్నదమ్ముల ఆర్కో దీపం (1962, ఫ్లోస్ కంపెనీ) మీరు ఏదో ఒక పత్రికలోనో హోటల్ లాబీలోనో చూసే ఉంటారు, పాలరాయి దిమ్మలోంచి లేచి గదిలోకి వంగిన పెద్ద విల్లు లాంటిది. దాన్ని అందరూ అందం కోసం పెట్టుకుంటారు గానీ అది పుట్టింది వేరే కారణానికి. సీలింగ్‌కి కన్నం పెట్టకుండా డైనింగ్ టేబుల్ నడిమధ్యకి పైనుంచి వెలుతురు రావాలి, కుర్చీల వెనక మనుషులు తిరగడానికి అడ్డు రాకూడదు. అలా కావాలంటే దీపం రెండు మీటర్ల దూరం వంగి రావాలి, అంత దూరం వంగితే పడిపోకుండా ఆపడానికి వెనక బరువుండాలి, అందుకే దాదాపు 65 కిలోల పాలరాయి. దానికి మధ్యలో ఒక గుండ్రటి కన్నం ఉంటుంది, అలంకారం అనుకునేవాళ్ళు చాలామంది. అందులో చీపురు కర్ర దూర్చి ఇద్దరు చెరో పక్క పట్టుకుని దిమ్మని ఎత్తి జరపడానికి పెట్టిన కన్నం అది. మూలలు చెక్కి ఉంటాయి, నడిచేటప్పుడు మోకాలికి తగలకుండా.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా పట్టుకున్నది పారెంతెసి. పియో మన్జూ అనే డిజైనర్ ఆలోచన మొదలుపెట్టాడు, చిన్న వయసులోనే 1969లో కారు ప్రమాదంలో చనిపోయాడు, అకీలే కాస్తిల్యోని దాన్ని అందుకుని 1971లో పూర్తిచేశాడు. సీలింగ్ నుంచి నేల దాకా బిగుతుగా సాగదీసిన ఒక ఉక్కు తీగ, కింద దాన్ని లాగి ఉంచే ఒక బరువు. తీగకి ఒక వంకర గొట్టం ఎక్కించి ఉంటుంది, బ్రాకెట్ గుర్తులా వంగిన గొట్టం, పేరు కూడా అందుకే ఆ గుర్తు పేరే. గొట్టానికి బల్బు. స్క్రూ లేదు, క్లిప్పు లేదు, తాళం లేదు. గొట్టం తిన్నగా ఉంటే తీగ మీద జారి నేల మీద పడిపోయేదే. వంగి ఉంది కాబట్టి బిగుతుగా ఉన్న తీగ ఆ వంపుల దగ్గర గొట్టాన్ని లోపల్నుంచి ఒరుసుకుంటుంది, ఆ రాపిడి చాలు ఆగడానికి. చేత్తో పైకి తోస్తే వెళ్తుంది, వదిలేస్తే ఆగుతుంది. నా ల్యాంప్‌ని ముంచింది కూడా రాపిడే కదా, అదే రాపిడిని ఇక్కడ ఒక వంపులో పెట్టి వాడారు. దీన్ని గురించి ఇంకా చెప్పాలి, చివర్లో చెప్తాను.

ఇక కుర్చీలు. నిలబడటం అనే మాట కుర్చీకి వచ్చేసరికి ఇంకా గట్టిదవుతుంది, ఎందుకంటే మోయాల్సిన బరువు కదులుతూ ఉంటుంది, వెనక్కి వాలుతుంది, ఒక కాలి మీద ఊగుతుంది. మిహాయెల్ టోనెట్ 1859లో తెచ్చిన 14వ నంబరు కుర్చీ లేకుండా ఇవాళ్టి ఫర్నిచర్ గురించి మాట్లాడటం నాకు చేతకాదు. ఆవిరి పట్టి వంచిన బీచ్ చెక్క ముక్కలు 6, స్క్రూలు 10, నట్లు 2, అంతే కుర్చీ. విప్పితే ఒక ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. విడిభాగాలుగా అట్టపెట్టెలో వచ్చి ఇంట్లో బిగించుకునే ఫర్నిచర్ అంతా ఈ పెట్టె సంతానమే. చెక్క వంచడంలో కూడా ఒక తెలివి ఉంది. చెక్కని వంచితే లోపలి అంచు నొక్కుకుంటుంది, బయటి అంచు సాగుతుంది, ఆవిరి పట్టిన చెక్క నొక్కుడు ఓర్చుకుంటుంది గానీ సాగుడు ఓర్చుకోలేక చీలిపోతుంది. అందుకని బయటి అంచుకి ఇనుప పట్టీ కట్టి రెండు కొసలూ బిగించి అప్పుడు వంచేవాళ్ళు. పట్టీ సాగదు కాబట్టి వంపంతా నొక్కుడుగానే జరుగుతుంది, చెక్క చీలదు.

ఇప్పటి కాలానికి వస్తే, నన్ను చాలాసేపు ఆపేసిన కుర్చీ మార్సెల్ వాండర్స్ 1996లో డ్రూగ్ అనే డచ్ డిజైన్ బృందం కోసం చేసిన అల్లిక కుర్చీ. తాడుతో అల్లారు, అది కూడా అలంకారానికి అల్లే ముడుల అల్లికతో, మొత్తం కుర్చీ, కాళ్ళతో సహా. తాడు లోపల కార్బన్ ఫైబర్, దాని చుట్టూ అరమిడ్ అనే గట్టి కృత్రిమ నూలు. అల్లిక పూర్తయ్యాక అది మెత్తటి వలలా ఉంటుంది, కింద పెడితే కుప్పకూలిపోతుంది. ఆ వలని ఎపాక్సీ రెజిన్‌లో ముంచి ఒక చట్రానికి వేలాడదీసి ఆరబెట్టారు. వేలాడుతున్నప్పుడు తాళ్ళు తమ బరువుకి తామే ఎంత వాలాలో అంత వాలాయి, కూర్చునే భాగంలో పల్లం తనంతట తానే పడింది, రెజిన్ ఆ వాలుని అలాగే గట్టిపరిచేసింది. నా ల్యాంప్ వాలిపోవడం చూసి విసిగిపోయిన నాకు, వాలిపోవడాన్నే ఆకారంగా మార్చుకున్న కుర్చీ కనిపిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ పల్లాన్ని ఎవరూ గీయలేదు, భూమి లాగింది. దాని ముడుల మధ్య ఖాళీల్లోంచి అవతలి గోడ కనిపిస్తుంది, అంత పల్చని వస్తువు మీద మనిషి కూర్చోవచ్చంటే కంటికి నమ్మబుద్ధి కాదు.

ఈ వరసలోనే టొకుజిన్ యోషియోకా హనీ-పాప్ (2001). గ్లాసీన్ అనే పల్చటి కాగితాలు 120, ఒకదాని మీద ఒకటి అక్కడక్కడ జిగురు రాసి అతికించి, మొత్తం సెంటీమీటరు మందం ఉన్న బొత్తిని కుర్చీ ఆకారం వచ్చేలా కోస్తారు. పుస్తకం తెరిచినట్టు తెరిస్తే తేనెపట్టులా విచ్చుకుంటుంది. అప్పటికి కూడా అది కుర్చీ అవ్వదు, ఎవరో ఒకరు మొదటిసారి కూర్చోవాలి, ఆ మనిషి బరువుకి కాగితం నలిగి కూర్చునే చోటు ఏర్పడుతుంది, ఆ నలుగుడు అలాగే ఉండిపోతుంది. కాగితం బలం మందంలో ఉండదు, మడతల్లో ఉంటుంది అని పిల్లలు అట్టముక్కలతో ఆడేటప్పుడు కూడా తెలుసుకుంటారు, దాన్ని ఇంత ధైర్యంగా మనిషి కింద పెట్టినవాళ్ళు తక్కువ.

యోరిస్ లార్మన్ ఎముక కుర్చీ (2006) కూడా ఈ కోవలోదే, ఎముక ఒత్తిడి ఉన్నచోట పెరిగి లేనిచోట తగ్గే పద్ధతిని కంప్యూటర్‌తో లెక్క కట్టించి అల్యూమినియంలో పోత పోశాడు. జవాబు నిజాయితీగానే ఉంది. కానీ నాకు ఇది అల్లిక కుర్చీ అంత దగ్గర కాలేదు, లెక్క అంతా తెర వెనక జరిగిపోయింది, చూసేవాడి చేతికి ఏమీ అందలేదు అనిపిస్తుంది. ఇది పూర్తిగా నా అభిప్రాయం.

ఒకే అచ్చులో నిమిషం వ్యవధిలో పోత పోసే తెల్ల ప్లాస్టిక్ కుర్చీని చిన్నచూపు చూసేవాళ్ళతో మాత్రం నేను ఒప్పుకోను. ఒకే పదార్థం, ఒకే ముక్క, ఒక్క కీలు కూడా లేదు, ఒకదాంట్లో ఒకటి దూరిపోతుంది, వానలో తడుస్తుంది. బరువు మోయడానికి మందం పెంచకుండా కాళ్ళని మూల వంపుగా మడిచారు, కాగితపు మడతలో ఉన్న తెలివే. దాని అసలు లోపం ఒక్కటే, విరిగితే బాగుచేసే దారి లేదు.

బాగుచేయడం అన్నాను కాబట్టి నా ఇంకో అనుభవం. గోడకి మడిచిపెట్టే టేబుల్ ఒకటి కొన్నాను, ఫొటోలో చాలా తెలివైన వస్తువులా కనిపించింది, విప్పితే టేబుల్, మడిస్తే అల్మరా తలుపు. నాలుగో నెలలో కీలు ఊడి చేతికొచ్చింది. కీలుకి ఏమీ కాలేదు, చెక్కపొట్టు నొక్కి చేసిన పలకలోంచి స్క్రూలు పొట్టుతో సహా బయటికొచ్చేశాయి. అసలు చెక్కలో స్క్రూ మరలు నార పట్టుకుంటాయి, పొట్టు పలకలో పట్టుకోవడానికి నార ఉండదు, ఒకసారి కన్నం పెద్దదైతే మళ్ళీ అక్కడ స్క్రూ నిలవదు. రోజుకి రెండుసార్లు మడిచే కీలుని ఆ పలక అంచున బిగించినవాళ్ళకి ఈ సంగతి తెలియకుండా ఉండదు. తెలిసీ అలా చేయడమే నన్ను బాధపెట్టింది. కదిలే ఫర్నిచర్ అంటే మొత్తం ప్రాణం కీలులోనే ఉంటుంది, అక్కడ పొదుపు చేయకూడదు.

దీనికి పూర్తిగా ఎదురు దారిలో నడిచే వస్తువు పీటర్ ఆప్స్‌విక్ 1972లో చేసిన ట్రిప్ ట్రాప్. చంటిపిల్లల ఎత్తు కుర్చీలో పట్టడు, పెద్దవాళ్ళ కుర్చీలో కూర్చుంటే కాళ్ళు గాల్లో వేలాడతాయి, అలాంటి వయసులో ఉన్న సొంత కొడుకుని టేబుల్ దగ్గర చూసి ఈ కుర్చీ ఆలోచించాడు. ఏటవాలుగా నిలబడ్డ రెండు పక్క చెక్కల్లో పైనుంచి కింది దాకా వరుసగా గాళ్ళు ఉంటాయి, కూర్చునే పలకనీ కాళ్ళు పెట్టుకునే పలకనీ ఏ గాడిలో కావాలంటే ఆ గాడిలోకి మార్చుకోవచ్చు. పిల్లాడు పెరిగే కొద్దీ పలకలు కిందికి దిగుతాయి, చివరికి పెద్దవాళ్ళు కూర్చునే కుర్చీ అవుతుంది. కాళ్ళు ఆనే పలక గురించి చాలామంది ఆలోచించరు, పాదాలకి ఆనిక లేకపోతే పిల్లలు టేబుల్ దగ్గర కుదురుగా కూర్చోలేరు. పిల్లాడు కుదురుగా లేడని తిట్టడం మానేసి కుర్చీలో ఏం లోపించిందో చూసిన మనిషి ఆయన.

నేను చేత్తో చేసిన వస్తువు ఒకే ఒక్కటి ఉంది, ఇటలీ డిజైనర్ ఎంజో మారి చూపించిన పద్ధతిలో మేకులూ పలకలతో కొట్టిన టేబుల్. 1974లో ఆయన ఒక పని చేశాడు, మామూలు పలకలు, మేకులు, సుత్తి ఉంటే ఎవరైనా చేసుకోగలిగే టేబుళ్ళూ కుర్చీలూ మంచాల నక్షలు గీసి, తపాలా ఖర్చు పంపినవాళ్ళందరికీ పంపించాడు. సొంతంగా చేసి చూసినవాళ్ళకి కొనే వస్తువులో మంచీ చెడూ తెలుస్తుందని ఆయన నమ్మకం. నాకు తెలిసొచ్చింది మూడో గంటలో. నాలుగు కాళ్ళూ, అడ్డ పట్టీలూ కొట్టేశాక టేబుల్‌ని నిలబెట్టి పక్కకి తోస్తే మొత్తం పేకముక్కల ఇల్లులా ఒరిగింది. ఇంకో నాలుగు మేకులు కొట్టాను, తేడా లేదు. నక్షలో ఉన్న ఏటవాలు పలకని తర్వాత కొడదాంలే అని పక్కన పెట్టాను, దాన్ని తెచ్చి మూల నుంచి మూలకి రెండు మేకులతో కొట్టగానే ఊగడం ఠక్కున ఆగిపోయింది. నలుచదరం ఒరిగేటప్పుడు దాని భుజాల్లో ఏదీ సాగనక్కర్లేదు, మేకు దగ్గర తిరిగితే చాలు. అడ్డంగా ఒక పలక పడి త్రికోణాలు ఏర్పడ్డాక ఆ పలక సాగితే తప్ప, కుంచించుకుపోతే తప్ప అది ఒరగలేదు. ఇది బడిలో చదివిందే. నా అరచేతుల కింద ఊగుతున్న టేబుల్ ఆగిపోయిన ఆ క్షణం దాకా నాకు అర్థం కాలేదు అంతే.

దీపాల్లో మోసేది బరువు ఒక్కటే కాదు, వెలుతురుని కూడా ఎక్కడికి పంపాలో అక్కడికి పంపాలి. పౌల్ హెన్నింగ్సెన్ 1920ల్లోనే బల్బు కంట్లో పొడవకూడదు అన్న ఒక్క పట్టుదల మీద మూడు డిప్పల దీపం చేశాడు. ఒక్కో డిప్ప వంపుని లాగరిథమిక్ స్పైరల్ అనే వంపులోంచి తీసుకున్నాడు, బల్బు నుంచి వచ్చే కిరణం డిప్ప మీద ఎక్కడ పడినా ఒకే కోణంలో పడుతుంది, అందుకే వెలుతురు సమంగా పరుచుకుంటుంది, ఎక్కడ కూర్చున్నా బల్బు కనిపించదు. ఇసాము నొగుచి 1951లో గిఫు ఊరి కాగితపు లాంతర్లు చూసి చేయడం మొదలుపెట్టిన అకారి దీపాలు దీనికి మరో వైపు, వెదురు పుల్లల మీద మల్బరీ బెరడు కాగితం, మడిస్తే పలకలా చదునైపోతుంది, జపాన్ భాషలో అకారి అంటే వెలుతురు, ఆ పేరులో తేలికదనం కూడా తోస్తుందని నొగుచి అనేవాడు.

తర్వాత ఎల్ఈడీ వచ్చింది. తెల్లటి ఎల్ఈడీ వెలుతురుకి దారి తీసిన, బాగా వెలిగే నీలం ఎల్ఈడీ కనిపెట్టిన అకసాకి, అమానో, నకమురాలకి 2014లో నోబెల్ ఇచ్చారు, ఇవ్వాల్సిందే, దీపం ఆకారం మీద నూరేళ్ళుగా ఉన్న బల్బు పెత్తనం దాంతో పోయింది. బియ్యపు గింజంత చోటులోంచి వెలుతురు వస్తుంటే పట్టీలా, తాడులా, రేకు అంచులా ఎలాగైనా దీపం చేయొచ్చు. అయితే ఇక్కడే నాకు పెద్ద అభ్యంతరం ఒకటుంది. నా సీలింగ్ దీపం రెండేళ్ళకే మిణుకుమిణుకుమంటూ పోయింది. కత్తితో జిగురు చెక్కి తెరిచి చూస్తే ఎల్ఈడీలు అన్నీ బాగానే ఉన్నాయి, వాటికి కరెంటు అందించే చిన్న బోర్డు మీద ఒక కెపాసిటర్ తల ఉబ్బిపోయి ఉంది. వేడికి త్వరగా ఎండిపోయే భాగాన్ని, గాలి ఆడని డిప్పలో, దీపం వేడి తగిలే చోటే పెట్టి, పైన జిగురుతో మూసేశారు. ఏళ్ళ తరబడి వెలగాల్సిన ఎల్ఈడీలు చిటికెన వేలి గోరంత భాగం కోసం చెత్తబుట్టలోకి పోవాలి. యూరోపియన్ యూనియన్‌లో 2021 సెప్టెంబరు నుంచి వచ్చిన నియమం ప్రకారం దీపంలోని వెలుతురు భాగాన్నీ, దానికి కరెంటు ఇచ్చే భాగాన్నీ పాడుచేయకుండా విప్పి తీయగలిగేలా ఉండాలి, మినహాయింపులు ఉన్నా దారి మంచిదే. నేనైతే ఇప్పుడు ఏ దీపం కొనాలన్నా ముందు తిరగేసి స్క్రూలు ఉన్నాయా జిగురు ఉందా అని చూస్తున్నాను. స్క్రూ కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది.

ఎల్ఈడీ వల్లే సాధ్యమైన ఒక దీపం గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. లండన్‌లో మార్టిన్ రిడిఫర్డ్, జిమ్ రీవ్స్ అనే ఇద్దరు డిజైనర్లు 2012లో బయటపెట్టిన గ్రావిటీలైట్. బ్యాటరీ లేదు, ఎండ అక్కర్లేదు. సుమారు 12 కిలోల ఇసుకో రాళ్ళో నింపిన సంచిని మనిషి ఎత్తు దాకా లాగి వదిలేస్తే, అది కంటికి తెలియనంత నెమ్మదిగా దిగుతూ లోపలి పళ్ళచక్రాల్ని తిప్పుతుంది, ఆ చక్రాలు చిన్న డైనమోని గిరగిరా తిప్పుతాయి, సంచి నేలకి చేరే దాకా దాదాపు 20 నిమిషాలు దీపం వెలుగుతుంది. మళ్ళీ ఎత్తితే మళ్ళీ 20 నిమిషాలు. లెక్క వేసి చూశాను, 12 కిలోల్ని 1.8 మీటర్లు ఎత్తితే చేరే శక్తి దాదాపు 210 జౌల్స్, 20 నిమిషాల మీద పంచితే వాట్‌లో ఐదో వంతు కూడా రాదు, అందులో చక్రాల రాపిడికి పోగా మిగిలిందే దీపానికి. పాత బల్బు అంత కరెంటుకి ఎర్రగా కూడా అవ్వదు. మిగతా దీపాలన్నీ బరువుని ఎలా ఆపాలా అని చూస్తుంటే ఇది బరువుని దిగనిచ్చి వెలుతురు తీసుకుంది. కిరోసిన్ పొగ మధ్య చదువుకునే పిల్లల కోసం ఆలోచించిన వస్తువు ఇది, అందుకే నాకు మరీ ఇష్టం.

పారెంతెసి గురించి చివర్లో చెప్తానన్నాను. ఆ వంపు నిజంగా అంత బరువుని ఆపుతుందా అని నమ్మకం కుదరక ఇంట్లోనే చేసి చూస్తున్నాను. 3 మిల్లీమీటర్ల ఉక్కు తీగ, సీలింగ్‌లో ఇదివరకే ఉన్న కొక్కెం, కింద వ్యాయామానికి వాడే ఇనుప బిళ్ళ, ఒక అల్యూమినియం గొట్టం. గొట్టం వంచేటప్పుడు నొక్కుకుపోకుండా లోపల సన్న ఇసుక దట్టించి రెండు కొసలూ మూసి వంచాలి, మొదటిది అలా చేయకుండా వంచితే మధ్యలో చప్పిడైపోయి తీగే దూరలేదు. రెండోదానికి వంపు తక్కువైంది, చేయి తీయగానే జర్రున జారి ఇనుప బిళ్ళ మీద టంగుమని పడింది. మూడోది కాస్త ఎక్కువ వంచాను, ఆగింది. సంబరపడి గొట్టం కింది అంచు దగ్గర తీగకి ఎర్ర టేపు చుట్టి పడుకున్నాను, పొద్దున చూస్తే టేపుని కూడా తోసుకుంటూ రెండు సెంటీమీటర్లు దిగి ఉంది.

వంపు మార్చకుండా కింద ఇంకో బిళ్ళ తగిలించాను. తీగ బిగుతు పెరిగితే వంపు దగ్గర ఒరిపిడి కూడా పెరగాలి కదా అని. టేపు మళ్ళీ కొత్తగా చుట్టాను. మూడు రోజులైంది, గొట్టం అంచు టేపు మీద అలాగే ఆని ఉంది, వేలితో పైకి తోస్తే మాత్రం హాయిగా కదులుతోంది. ఇంకా బల్బు హోల్డర్ బిగించలేదు. దాని బరువు ఒక పక్కకే పడుతుంది కాబట్టి గొట్టం కొంచెం ఒరుగుతుంది, ఒరిగితే తీగని ఇంకా గట్టిగా పట్టుకుంటుందని నా అంచనా, వచ్చే ఆదివారం చూడాలి.